మామగారి ఎనిమిదో నవల

జిపార్ టీనీళ్ళు మరిగే సమోవార్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఏడో అతిథి గిన్నెలోకి టీ వంచుతుండగా మామగారు ఆ మాట అన్నారు.

"ఎడిటర్ అంటే ఏముందండీ! ఇల్లు ఊడ్చే మనిషిలాంటిది. యజమాని కట్టుకున్న ఇంట్లో దుమ్ము దులుపుతుంది, అంతే. మా కోడల్నే చూడండి. పొద్దున నా వాకిలి ఊడుస్తుంది, మధ్యాహ్నం నా నవల ఊడుస్తుంది. చీపురొక్కటే!"

ముఖ్య అతిథికని వడ్డించిన గొర్రె తలకాయ ముందు కూర్చున్న పెద్దమనిషి పొట్ట పట్టుకుని నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వారు. అందరికంటే గట్టిగా ఆమె భర్త కుబాత్ నవ్వాడు. జిపార్ కూడా నవ్వింది. అలాంటి మాటలకి నవ్వడం ఆమె మొహానికి అలవాటే. గిన్నె సగమే నింపి, కుడిచేత్తో అతిథికి అందించి, తర్వాతి గిన్నె తీసుకుంది. గిన్నె నిండా పోస్తే, తాగి వెళ్ళిపొమ్మన్నట్టు. సగం పోస్తే, మళ్ళీ మళ్ళీ పోస్తాం ఉండమన్నట్టు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఆమె సగం గిన్నెలు పోస్తూనే ఉంది. ఆ సాయంత్రం మాత్రం పోస్తున్న చెయ్యి ఎవరిదో అన్నట్టు చూసుకుంది.

నిజానికి ఆ చెయ్యి కోసమే ఆమెని ఆ ఇంటికి తెచ్చారు. జిపార్ తన ఇరవై మూడో ఏట రాజధాని బిష్కెక్‌లో ఒక ప్రచురణ సంస్థలో ఎడిటర్‌గా చేరింది. చేరిన రెండో నెలలో ఆమె బల్ల మీదకి కథలతో పేరు తెచ్చుకున్న ఒక రచయిత మొదటి నవల వచ్చింది. తొంభై పేజీలు బాగానే సాగి, తర్వాత బురదలో బండి దిగబడినట్టు ఆగిపోయిన నవల. పిల్ల కొత్తది, భయం లేదు. ఆగిన చోటల్లా తనే లాగింది. సగం చెప్పిన సంగతులు పూర్తి చేసింది, ఊరికే ఏడుస్తున్న ఒక విధవరాలికి ఏడవడానికి కారణం కల్పించింది, ముక్కలు ముక్కలుగా ఉన్న వాక్యాల్ని ఒక ఊపిరికి సరిపడేలా సాగదీసి కుట్టింది. ఆ పుస్తకానికి పెద్ద పేరొచ్చింది. ఆ ఏడాదే రచయిత నారిన్‌లో ఉన్న ఆమె పుట్టింటికి స్వయంగా వెళ్ళి, "మీ అమ్మాయి చెయ్యి మంచిది. ఆ చెయ్యి నా ఇంట్లో ఉండాలి. మా అబ్బాయికి ఇవ్వండి," అని అడిగారు. వంట గురించి అనుకుని వాళ్ళమ్మ మురిసిపోయింది.

తర్వాత ఇంకో ఆరు నవలలు. ఆయన మంచి ఊపులో ఉన్నప్పుడు వంద పేజీలు గీకి పడేసేవారు. "మిగతాది నువ్వు చూసుకో, నీకు తెలుసుగా నా పద్ధతి," అనేవారు. తెల్లవారుజామున, అత్తగారు లేవకముందు, పొయ్యి రాజేసి ఆ వెచ్చదనంలో కూర్చుని ఆయన పద్ధతిలో రాసేది. ఆయన పద్ధతి ఏమిటో ఆయనకన్నా ఆమెకే బాగా తెలుసు, ఎందుకంటే అది ఆమె కట్టిందే. పుస్తకం చివర చిన్న అక్షరాల్లో ఎడిటర్ పేరు వేసే చోట ప్రచురణ సంస్థ డైరెక్టర్ సాపార్ పేరు ఉండేది. "ఇంటి మనిషి పేరు వేస్తే బావుండదు. ఇంట్లోవాళ్ళే అచ్చేసుకున్నారంటారు," అన్నారు మామగారు. ఆమెకి అదీ నిజమే అనిపించింది. అప్పట్లో ఆమెకి చాలా విషయాలు నిజమే అనిపించేవి.

మామగారి యాభై అయిదో పుట్టినరోజుకి రెండు వందలమంది వచ్చారు. మూడు గొర్రెలు, ఒక గుర్రం కోశారు. ఏడో నెల కడుపుతో ఉన్న జిపార్ మూడు రోజులు బకెట్లతో నీళ్ళు మోసింది, పేగులు కడిగింది, కాగులు దించింది. "మేమంతా కడుపుతో పనిచెయ్యలేదా ఏంటి? కూర్చుంటే బిడ్డ బద్ధకంగా పుడుతుంది," అంది అత్తగారు. నాలుగో రోజు బిడ్డ పోయింది. ఆడపిల్ల. ఆస్పత్రి మంచం దగ్గర నిలబడి అత్తగారు పక్కనున్న బంధువుతో, "ఇరవైనాలుగ్గంటలూ అక్షరాలు కంటూ కూర్చుంటే బిడ్డలెక్కడ నిలుస్తారు," అంది. మెల్లిగానే అంది. కానీ వినబడేంత మెల్లిగా.

ఇంటికొచ్చిన వారానికి మామగారి రెండో నవల పని ముందుకొచ్చింది. అందులో ఒక చోట గుర్రం పిల్ల చచ్చిపోతుంది. ఆయన ఒక్క ముక్కలో రాశారు, 'ఆడగుర్రం చాలా బాధపడింది' అని. జిపార్ ఆ ముక్క కొట్టేసి ఒకటిన్నర పేజీ రాసింది. చచ్చిన పిల్ల మీద పడే మంచుని మూడు రోజులపాటు నాలుకతో నాకి తీసేస్తూ నిలబడ్డ ఆడగుర్రం గురించి. గుంపు కదిలిపోయినా కదలని గుర్రం గురించి. ఆ ఒకటిన్నర పేజీని తర్వాత ఎనిమిదో తరగతి వాచకంలో పెట్టారు. కూతురు మునారా ఈ ఏడాది దాన్ని కంఠతా పట్టింది. వంటగదిలో అటూ ఇటూ నడుస్తూ అప్పజెప్పి, "అమ్మా, తాతయ్యకి గుర్రం బాధ ఎలా తెలిసింది?" అని అడిగింది. పిండి పిసుకుతున్న జిపార్ తలెత్తకుండానే, "గుర్రాల్ని చూసుంటారు," అంది.

ఇదంతా ఆమె మింగింది. మింగలేకపోయింది ఒక్కటే.

తనకంటూ ఒక నవల రాసుకుంది జిపార్. ఆరేళ్ళు పట్టింది. నారిన్‌లో ఉన్నితో తివాచీలు కుట్టే అయిదుగురు ఆడవాళ్ళ కథ. మూడేళ్ళ కిందట సాపార్‌కి ఇస్తే ప్రచురణ మండలికి పంపాడు. మండలి అధ్యక్షులు మామగారే. వాళ్ళ అభిప్రాయం ఒక కాగితం మీద టైపు చేసి ఇచ్చారు. 'రచయిత్రికి సొంత గొంతు లేదు. మామగారి వాక్యాన్ని ఇంట్లో వినీ వినీ ఒంటబట్టించుకున్నారు. ప్రతి పేజీలో ఆయన ఊపిరే వినబడుతోంది. ఇది అనుకరణ.' కింద ఆయన సంతకం. ఇంటికొచ్చాక భోజనాల దగ్గర ఆయన జాలిగా, "బాధపడకమ్మాయ్. నా నీడలో ఉన్నదానివి, నీడ పడకుండా ఉంటుందా? నీ గొంతు నువ్వు వెతుక్కో," అన్నారు. ఆయన అబద్ధమాడుతున్నారేమోనని ఆమె ఆయన కళ్ళలోకి చూసింది. లేదు. ఆయన మనస్ఫూర్తిగానే అంటున్నారు. ఆ ఏడు పుస్తకాలూ తనే రాశానని ఆయన నిజంగానే నమ్ముతున్నారు. ఆ పూటే ఆమెలో ఏదో గడ్డకట్టింది. కోపమనుకుంది మొదట. కోపమైతే నాలుగు రోజులకి చల్లారేది. ఇది మొదట్నించీ చల్లగానే ఉంది, అందుకే చల్లారలేదు.

"నాన్న పేరు బజారుకీడుస్తావా? మామని చూసి రాసిందంటే మన పరువేం కావాలి?" అన్నాడు కుబాత్ ఆ రాత్రి. ఆమె నవల కాగితాలు మడిచి గోధుమపిండి డబ్బాల వెనక పెట్టింది.

చీపురు మాట విన్న మర్నాడే మామగారు ఎనిమిదో నవల ఆమె చేతిలో పెట్టారు. చేతిరాతతో అయిదొందల పన్నెండు పేజీలు. మే నెలలో ఆయన డెబ్భై అయిదో పుట్టినరోజు. అప్పటికి పుస్తకం రావాలి. "ఇది నా జీవితమంతా పెట్టి రాసింది. ఈసారి నీకు పెద్ద పనుండదులే," అన్నారు.

జిపార్ ఆఫీసులో కూర్చుని నాలుగు రోజుల్లో చదివింది. మూడో అధ్యాయంలో మంచుపెళ్ళ కింద పడి చచ్చిపోయిన బాబాయి, పద్నాలుగో అధ్యాయంలో పెళ్ళికొచ్చి దుమ్ము లేచేలా నాట్యం చేశాడు. కథానాయకుడి ఎర్రగుర్రం మధ్యలో బూడిదరంగుకి మారి, ఒకచోట ఈని, మళ్ళీ మగగుర్రమైంది. కథానాయిక పద్నాలుగు నెలలు కడుపుతో ఉంది. అందరి కళ్ళూ నిప్పులు చెరుగుతూనే ఉన్నాయి. ఆమె లెక్కపెట్టింది, నూటఅరవై మూడుసార్లు. ఇదంతా ఆమెకి కొత్త కాదు. పాత ఏడూ ఇలాగే వచ్చాయి ఆమె బల్ల మీదకి. అలవాటుగా ఎర్ర పెన్సిలు చెక్కుకుంది కూడా.

ఆ పెన్సిలు తొమ్మిదో అధ్యాయం దగ్గర ఆగింది.

అందులో ఒక కోడలుంది. పుస్తకాల పిచ్చిది. పాలు పొంగిపోతున్నా చూడదు, గొర్రెలు తప్పిపోయినా చూడదు, ఎప్పుడూ ఏదో గీకుతూ ఉంటుంది. కడుపు నిలవదు. ఊళ్ళో అందరూ నవ్వుతారు. చివరికి అత్త మంచం పక్కన నిలబడి అంటుంది, 'అక్షరాలు కన్నావు, అవే పెంచుకో' అని. ఆ వాక్యం కింద మామగారు మురిపెంగా గీత గీసుకున్నారు. బాగా వచ్చిందని.

జిపార్ పెన్సిలు కింద పెట్టింది. కిటికీ బయట మార్ష్రుత్కా వ్యాన్ల హారన్లు, మొదటి మంచు, గొడుగు లేని మనుషులు. ఆ ఏడో నెల పిల్లకి పేరు పెట్టనివ్వలేదు వాళ్ళు. పేరు పెడితే దుఃఖం ఎక్కువవుతుందన్నారు. ఇరవై ఏళ్ళ తర్వాత తాతగారు దాన్ని తీసుకొచ్చి నవ్వులాటకి వాడుకున్నారు. మామూలుగా అయితే ఏం చెయ్యాలో ఆమెకి తెలుసు. ఆ కోడలికి నిజమైన బాధ పెట్టాలి, అత్తకి నిజమైన కారణం పెట్టాలి, చదివినవాళ్ళు పేజీ తిప్పలేకపోవాలి. అప్పుడు ఆ పేజీ కూడా ఆయనదే అవుతుంది. ఇంకే పిల్లలో దాన్ని కూడా కంఠతా పడతారు.

"ఇక చాలు," అంది పైకే. పక్క బల్లావిడ తలెత్తి, "ఏంటి జిపార్, టీయా?" అని అడిగింది.

ఆ వారం ఇంటర్వ్యూ కోసం పత్రికవాళ్ళు ఆఫీసుకొచ్చారు. సాపార్ గదిలో మామగారు, సాపార్, ఇద్దరు విలేకర్లు. జిపార్ టీ తీసుకెళ్ళి, బల్ల మీద పెట్టి, వెళ్ళకుండా నిలబడింది.

"మామయ్యా, అందరూ ఉన్నప్పుడే అడుగుతున్నాను, మళ్ళీ పొరపాటు రాకూడదు. మీ నవల్లో నేనేమన్నా మార్చాలా?"

విలేకరి కలం ఆగింది. ఆయన మొహం ఒక్క క్షణం ఎర్రబడింది. తర్వాత పెద్దగా నవ్వారు.

"మార్చడమా! అమ్మాయ్, నేను రాసింది మార్చేవాళ్ళు ఇంకా పుట్టలేదు. ఒక్క అక్షరం ముట్టుకున్నావంటే చూడు!"

"అలాగే మామయ్యా," అంది జిపార్. "డైరెక్టర్‌గారూ, విన్నారుగా."

"విన్నా, విన్నా," అన్నాడు సాపార్, టీలో పంచదార కలుపుకుంటూ. ఆ మాటలు మర్నాడు పత్రికలో వచ్చాయి. సాయంత్రం ఇంట్లో మామగారు కోడలి భుజం తట్టి, "పత్రికవాళ్ళ ముందు అలా అనాల్సొచ్చింది. నువ్వు మామూలుగా చూసుకో," అంటారేమోనని ఆమె ఎదురుచూసింది. అన్నారంటే ఏం చేసేదో ఆమెకే తెలీదు. ఆయన అనలేదు. చెప్పక్కర్లేదనుకున్నారు. చీపురికి ఎవరన్నా చెప్తారా?

టైపు ఆమే చేసింది. అంత కష్టమైన ఎడిటింగు జన్మలో చెయ్యలేదు. వేళ్ళు వాటంతటవే దిద్దబోయేవి. ఒక పొద్దున చూసుకుంటే మూడో అధ్యాయంలో రెండు పేరాలు తెలీకుండానే నున్నగా చేసేసింది. చేతిరాత ముందు పెట్టుకుని, ఆయన తప్పుల్ని ఒక్కొక్కటే ఏరి మళ్ళీ వాటి చోట్లో కూర్చోబెట్టింది. కామా లేనిచోట కామా పెట్టలేదు. బాబాయిని చావనిచ్చింది, ఆడనిచ్చింది. తొమ్మిదో అధ్యాయం టైపు చేసిన రోజు మాత్రం మధ్యలో లేచి బజారంతా నడిచొచ్చింది. వచ్చి, అత్త మాట దగ్గర మొదలుపెట్టి, గీత గీసిన వాక్యాన్ని గీతతో సహా టైపు కొట్టింది.

మిగిలిన పొద్దులన్నీ ఆమెవే అయ్యాయి. పిండి డబ్బాల వెనక నుంచి తన నవల తీసి, మళ్ళీ మొదట్నించీ దిద్దుకుంది. ఎల్నురా అని ఒక అమ్మాయి ఆ మధ్యే ఒక సాహిత్య పత్రిక మొదలుపెట్టింది. పాత గరాజులో రెండు బల్లలు వేసుకుని నడిపేది. జిపార్ తన పుట్టింటి పేరుతో నవల ఆమెకిచ్చింది. వారంలో ఎల్నురా ఫోన్ చేసింది.

"అక్కా, ఏడుస్తూ చదివాను. వేస్తున్నాం, మార్చిలో సగం, ఏప్రిల్లో సగం. కానీ ఒకటి అడగనా? ఏమీ అనుకోకండి. మీ మామగారి పుస్తకాలు నేను స్కూల్లో నమిలి మింగాను. ఇది అచ్చం..."

"మే దాకా ఆగు," అంది జిపార్. "ఆయన కొత్త పుస్తకం వస్తోంది. అది చదివాక అడుగు."

ఏప్రిల్లో ఆఖరి ప్రూఫులు మామగారి ముందు పెట్టింది. "ఒక్కసారి చదవండి మామయ్యా. మీరు చూస్తేనే ప్రెస్సుకి పంపుతాను."

"చదవడం నీ పని, సంతకం నా పని."

"పద్నాలుగో అధ్యాయమన్నా చూడండి. తొమ్మిదోదన్నా."

"ఎందుకే అంత భయం? ఇరవయ్యేళ్ళుగా చేస్తున్నదే కదా!" అని, టీవీలో గుర్రప్పందెం మీంచి చూపు తిప్పకుండానే సంతకం గీకేశారు. అత్తగారు అటుగా వెళ్తూ, "ఆయన్ని విసిగించకు, పుట్టినరోజుకి రొట్టెలకి పిండి ఎంత కలపాలో చూడు," అంది. జిపార్ ప్రూఫులు సంచీలో పెట్టుకుంది. మూడుసార్లు అడిగింది. నాలుగోసారి అడగాల్సిన బాకీ ఏమీ లేదనుకుంది.

పుట్టినరోజు సభ పెద్ద గ్రంథాలయం హాల్లో. మామగారి భుజాల మీద బంగారు అంచు అంగరఖా కప్పారు, తల మీద తెల్లటి ఉన్ని టోపీ పెట్టారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి పర్వతమన్నారు, డేగన్నారు. పుస్తకం ముందురోజే ప్రెస్సు నుంచి దుకాణాల్లోకి వచ్చింది. ఆయన అట్ట మీద తన బొమ్మ చూసుకుని పక్కన పెట్టారు. జిపార్ మూడో వరసలో మునారా పక్కన కూర్చుంది. ముందు వరసలో అత్తగారూ, కుబాత్.

ఒక రంగస్థల నటుడు లేచి కొత్త నవల్లోంచి పెళ్ళి ఘట్టం చదవడం మొదలుపెట్టాడు. ఎవరు ఎంచారో గానీ అది పద్నాలుగో అధ్యాయం. గొంతు బాగుంది, గంభీరంగా చదువుతున్నాడు. రెండో పేజీలో అందరి కళ్ళూ నిప్పులు చెరిగాయి. మళ్ళీ చెరిగాయి. మూడోసారికి వెనక వరసల్లో ఎవరో దగ్గారు. బాబాయి నాట్యానికి లేచాడు. ముందురోజే కొని చదివేసిన విద్యార్థి ఒకడు, "ఈయన చచ్చిపోయాడు కదరా!" అన్నాడు. గుసగుసగా అన్నాననుకున్నాడు గానీ హాలంతా వినబడింది. నవ్వు వెనక నుంచి ముందుకి పాకింది. నటుడు ఆపలేక, సాగలేక, బాబాయిని సగం ఆటలో వదిలేసి కూర్చున్నాడు.

మామగారు పుస్తకం తెరిచారు. మొదటిసారి. పేజీలు తిప్పుతున్న ఆయన వేళ్ళనే జిపార్ చూస్తూ కూర్చుంది. తృప్తి ఇంత తియ్యగా ఉంటుందని ఆమె అనుకోలేదు. సిగ్గు వేస్తుందేమోనని వెతుక్కుంది. వెయ్యలేదు.

సాపార్ కంగారుగా మైకు పట్టుకుని, "ప్రశ్నలేమన్నా ఉంటే..." అన్నాడు. ఎల్నురా లేచింది.

"పెద్దాయనా, మీ ఏడు నవలలూ నాకు ప్రాణం. నిన్న ఎనిమిదోది చదివాను. మొన్న మా పత్రికలో మీ కోడలు జిపార్ అక్క నవల వచ్చింది. మూడేళ్ళ కిందట మీ మండలి దాన్ని మీకు అనుకరణ అని తిప్పి పంపిందట. మీ పాత పుస్తకాల పక్కన పెట్టి చూశాను. నిజమే, అదే ఊపిరి. కానీ ఈ కొత్త పుస్తకంలో ఆ ఊపిరి ఒక్క పేజీలో కూడా లేదు. అదెటు పోయింది? అడగాల్సింది మిమ్మల్నో, ఇంకెవర్నో నాకు తెలీట్లేదు."

హాల్లో నవ్వు ఆగిపోయింది. మామగారు లేచి నిలబడ్డారు. అంగరఖా ఒక భుజం మీంచి జారింది. "ఇది నా పుస్తకం కాదు! పాడుచేసింది! ఆ కూర్చుంది చూడండి, నా ఇంటి తిండి తిని, నా కోడలు! అచ్చుకి ముందు దీని చేతికిచ్చాను. చెప్పవే! లేచి చెప్పు, నా పుస్తకాన్ని ఏం చేశావో అందరిముందూ చెప్పు!"

"అమ్మా," అంది మునారా భయంగా, చెయ్యి పట్టుకుని.

జిపార్ కూతురి వేళ్ళు మెల్లిగా విడిపించుకుని వేదిక మీదకి నడిచింది. అత్తగారి పక్క నుంచి వెళ్తుంటే, "తల దించుకుని క్షమించమను," అని ఆవిడ గుడ్లురిమింది. సాపార్ మైకు ఇచ్చాడు. అక్కడి ఆచారం ప్రకారం కోడలు మామ పేరు పలకదు. ఆ ఇంట్లో కాలుపెట్టిన రోజు నుంచి ఆ పేరు ఆమె పెదాలు దాటలేదు. ఆఫీసులో కూడా 'మా మామగారి పుస్తకం' అనేది. అట్ట మీద అచ్చు చూసేటప్పుడు సైతం మనసులో చదువుకునేది. ఆ హాల్లో ఉన్న ప్రతి ఆడమనిషికీ ఆ సంగతి తెలుసు. జిపార్ తల ఎత్తి, ఒక్కొక్క అక్షరం విడిగా, తొందర లేకుండా పలికింది.

"ఈ పుస్తకం మొత్తం కాల్ముర్జా తాష్‌బాయెవ్ రాసినదే. ఇదొక్కటే."

ముందు వరసలో అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వెనక ఎక్కడో ఒక ముసలావిడ కిసుక్కుమంది. తర్వాత విలేకర్ల కలాలు కదిలాయి.

నడవాలో కుబాత్ ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపాడు. "నాన్నని పేరు పెట్టి అన్నావా? అంతమందిలో? ఇంక ఇంటికి ఏ మొహం పెట్టుకుని వస్తావ్?"

జిపార్ అతని వేళ్ళని తన చేతి మీంచి తీసేసి, మునారా కోటు బొత్తాలు పెట్టింది.

"వస్తానని నీకెవరు చెప్పారు?"